చేవ్రాలు నుంచి ఓటీపీ దాకా: కార్డు చెల్లింపుల్లో గుర్తింపు చౌర్యం, నష్టభారం

వ్యాససంగ్రహం

క్రెడిట్ కార్డుల భద్రతా చరిత్రను సాధారణంగా సాంకేతిక పరిజ్ఞానం సాధించిన పురోగతిగా వర్ణిస్తారు. సంతకం పోయి అయస్కాంత పట్టీ, అది పోయి చిప్, దానికి తోడుగా పిన్, ఓటీపీ వచ్చాయని చెబుతారు. ఈ వ్యాసం అదే చరిత్రను నష్టభారం వైపు నుంచి పరిశీలిస్తుంది. గుర్తింపు సాధనం ప్రతిదీ రెండు పనులు చేస్తుంది. దొంగను ఆపుతుంది; యజమాని తర్వాత కాదనకుండా కట్టివేస్తుంది. మొదటి పని బలపడిన కొద్దీ రెండవదీ బలపడింది. ఫలితంగా మోసం జరిగినప్పుడు బ్యాంకు మోయవలసిన నష్టం ఖాతాదారు వైపు ఎలా జరిగిందో, దానిని తిరిగి సరిదిద్దడానికి భారతదేశంలో జరిగిన ప్రయత్నాలేమిటో ఇందులో చర్చించబడింది.

కీలకపదాలు: క్రెడిట్ కార్డు, గుర్తింపు చౌర్యం, ఫోర్జరీ, నష్టభారం, హుండీ, వేలిముద్ర, ఓటీపీ, రిజర్వు బ్యాంకు.

1. ఉపోద్ఘాతం

ఒకరి చేవ్రాలును మరొకరు అనుకరించి బ్యాంకు నుంచి సొమ్ము తీసుకుంటే దానిని ఫోర్జరీ అన్నారు. ఒకరి కార్డు వివరాలను మరొకరు సంపాదించి అదే బ్యాంకు నుంచి సొమ్ము రాబడితే దానిని గుర్తింపు చౌర్యం అంటున్నారు. రెండింటిలోనూ జరిగిన పని ఒక్కటే. తాను కానివాడినని తెలియనీయకుండా ఒకడు బ్యాంకును నమ్మించాడు. అయితే పేరు మారడంతో బాధితుడూ మారిపోయాడు. ఫోర్జరీ అన్నప్పుడు మోసపోయినది బ్యాంకు, పోయినది బ్యాంకు సొమ్ము. చౌర్యం అన్నప్పుడు పోగొట్టుకున్నవాడు ఖాతాదారు. పోగొట్టుకున్నవాడే జాగ్రత్తగా ఉండవలసిందన్న మాట ఆ వెంటనే వస్తుంది.

భారతీయ చట్టంలోకి ఈ పదం ఆలస్యంగా ప్రవేశించింది. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టాన్ని 2008లో సవరించారు. 2009 అక్టోబరు 27 నుంచి ఆ సవరణ అమలులోకి వచ్చింది. దానిలోని 66సి సెక్షను ఇతరుల ఎలక్ట్రానిక్ సంతకాన్ని, పాస్‌వర్డును, మరే విశిష్ట గుర్తింపు లక్షణాన్నైనా మోసపూరితంగా వాడుకోవడాన్ని గుర్తింపు చౌర్యంగా పేర్కొని, మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించింది. కంప్యూటరు ద్వారా మరొకరిగా నటించి మోసగించడాన్ని 66డి సెక్షను శిక్షార్హం చేసింది. ఈ రెండు సెక్షన్లూ దొంగను ఉద్దేశించినవి. దొంగ దొరకనప్పుడు పోయిన సొమ్మును ఎవరు భరించాలన్నది వాటి పరిధిలో లేదు. ఆచరణలో బాధితునికి కావలసిన జవాబు మాత్రం ఆ రెండవ ప్రశ్నకే. ఆ జవాబును వెదకాలంటే కార్డు కంటే చాలా వెనక్కి వెళ్లవలసి ఉంటుంది.

2. చేవ్రాలు, నిశాని, హుండీ

సంతకానికి తెలుగులో చేవ్రాలు అనే మాట ఉంది. పారసీకం నుంచి వచ్చి వాడుకలో స్థిరపడిన దస్కతు కూడా ఉంది. చేవ్రాలులో 'చేయి' ఉన్నట్లే దస్తఖత్‌లో 'దస్త్' ఉంది. పారసీకంలో దానికీ చేయి అనే అర్థం. రెండు వేరు వేరు భాషలు ఒకే ఊహను పట్టుకున్నాయి: మాటను మనిషికి ముడివేసేది అతని చేయి. చదువురానివారికి వేలిముద్రే నిశాని అయింది.

ఆ వేలిముద్ర పరిపాలనా సాధనంగా మారిన తీరు ఇక్కడ ముఖ్యం. 1858 జూలైలో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే ఇంగ్లీషు అధికారి రోడ్డు పనికి కంకర సరఫరా చేసే ఒప్పందం మీద రాజ్యధర్ కోనాయ్ అనే గుత్తేదారు చేత అరచేతి ముద్ర వేయించాడు. కోనాయ్‌ని గుర్తుపట్టడం ఆనాటి అవసరం కాదు. అతడు ఎదురుగానే ఉన్నాడు. రేపు ఆ సంతకం తనది కాదనే ఆలోచన కూడా అతనికి రాకుండా భయపెట్టడమే తన ఉద్దేశమని హెర్షెల్ తర్వాత స్వయంగా రాసుకున్నాడు. 1877లో హుగ్లీ జిల్లాలో పింఛన్ల చెల్లింపుకూ, దస్తావేజుల రిజిస్ట్రేషనుకూ అతడు వేలిముద్రలను ప్రవేశపెట్టాడు. చనిపోయినవారి పేరిట ఇతరులు పింఛను తీసుకోవడం, రాసిచ్చినవారే తర్వాత దస్తావేజును కాదనడం అనే రెండు బెడదలకూ అది విరుగుడు. దొంగను ఆపడమూ, యజమానిని కట్టివేయడమూ ఒకే సాధనంలో మొదటి నుంచీ కలిసే ఉన్నాయన్నమాట. నేటి ఓటీపీని అర్థం చేసుకోవడానికి ఈ సంఘటన కంటే మంచి ప్రవేశద్వారం దొరకదు.

వర్తకుల సంప్రదాయం వేరొక దారి పట్టింది. హుండీల్లో షాజోగ్ అనే రకం ఉండేది. దానిని ఎవరు తెచ్చినా డబ్బు ఇవ్వరు. బజారులో పరపతి గల షా, అంటే పేరున్న వర్తకుని ద్వారానే చెల్లింపు జరగాలి. ఆ హుండీ దొంగిలించినదనో, నకిలీదనో తర్వాత తేలితే పుచ్చుకున్న షా సొమ్మును వడ్డీతో తిరిగి ఇవ్వాలి. హుండీ పోగొట్టుకున్నవానికి పేఠ్ అనే రెండవ ప్రతి, అదీ పోతే పర్‌పేఠ్ అనే మూడవ ప్రతి ఇచ్చే ఏర్పాటు ఉండేది. పత్రం పోవడం సహజమేనని ఒప్పుకొని, పోయిన తర్వాత ఏం చేయాలో ఆ సంప్రదాయం ముందే నిర్ణయించుకుంది. నష్టభారం మోసాన్ని పసిగట్టగల స్థితిలో ఉన్నవాని మీద, డబ్బు తిరిగి రాబట్టగల చిరునామా ఉన్నవాని మీద పడింది. పోగొట్టుకున్నవాని అజాగ్రత్త గురించిన విచారణకు అందులో ప్రథమ స్థానం లేదు.

3. చెక్కు నేర్పిన న్యాయం

చెక్కు విషయంలో ఆంగ్ల న్యాయం చాలా స్పష్టంగా ఉండేది. చెక్కు అనేది ఖాతాదారు బ్యాంకుకు ఇచ్చే ఆదేశం. ఫోర్జరీ సంతకం మీద ఆదేశమే లేదు. ఆదేశం లేకుండా చెల్లించిన సొమ్ము బ్యాంకు తన సొమ్మే చెల్లించుకున్నట్లు. ఖాతాదారు ఖాతాలో దానిని ఖర్చుగా రాసే హక్కు బ్యాంకుకు లేదు.

దీనికి ఒక మినహాయింపును 1918లో బ్రిటిష్ ప్రభువుల సభ తీర్పు స్థిరపరచింది. మ్యాక్‌మిలన్ అండ్ ఆర్థర్ అనే సంస్థలో నమ్మకస్తుడైన ఒక గుమస్తా చిల్లర ఖర్చులకని 2 పౌండ్ల చెక్కు తయారుచేసి యజమాని చేత సంతకం చేయించుకున్నాడు. అక్షరాలలో రాయవలసిన చోటు ఖాళీగా ఉంది. అంకెకు రెండు వైపులా జాగా ఉంది. ముందొక ఒకటి, వెనుకొక సున్నా చేర్చి, అక్షరాలను కూడా నింపి, 120 పౌండ్లు తీసుకొని గుమస్తా మాయమయ్యాడు. చెక్కు రాసేటప్పుడు మార్పులకు వీలులేకుండా రాయడం ఖాతాదారు బాధ్యత అనీ, ఆ బాధ్యతను విస్మరించినందుకు నష్టం అతనిదే అనీ సభ తేల్చింది. ఖాతాదారు నిర్లక్ష్యం అనే భావన బ్యాంకింగ్ న్యాయంలో బలంగా నిలదొక్కుకున్నది ఈ తీర్పుతోనే. కానీ దాని పరిధి చాలా చిన్నది. చెక్కు రాసే ఆ ఒక్క క్షణానికి సంబంధించిన జాగ్రత్త అది. తాళాలు ఎక్కడ పెట్టాడు, గుమస్తాను ఎందుకు నమ్మాడు అన్న ప్రశ్నలకు అక్కడ చోటు లేదు.

భారత సుప్రీంకోర్టు 1987లో కెనరా బ్యాంకు, కెనరా సేల్స్ కార్పొరేషన్ కేసులో ఈ విషయాన్ని ఇంకా తేటపరచింది. ఆ సంస్థలో చెక్కుబుక్కు ఎవరి స్వాధీనంలో ఉండేదో ఆ అకౌంటెంటే 42 చెక్కుల మీద అధికారి సంతకాన్ని ఫోర్జరీ చేశాడు. ఏళ్ల తరబడి పాస్‌బుక్కు పంపుతూనే ఉన్నామనీ, సంస్థ పట్టించుకోలేదనీ బ్యాంకు వాదించింది. కోర్టు అంగీకరించలేదు. ఫోర్జరీ సంతకం ఆదేశం కాదు. తన ఖాతాలో ఫోర్జరీని కనిపెట్టలేకపోవడం ఖాతాదారు హక్కును హరించదు. బ్యాంకు తప్పించుకోవాలంటే ఖాతాదారు ఆ చెల్లింపును తెలిసి ఆమోదించాడని చూపాలి. ఏళ్ల తరబడి చూసుకోనివానికి దక్కిన ఈ రక్షణను, మూడు రోజుల్లో చెప్పకపోతే తగ్గిపోయే 2017 నాటి కార్డుదారు రక్షణతో పోల్చి చూస్తే మధ్యలో ఎంత దూరం నడిచామో తెలుస్తుంది.

4. కార్డు తెచ్చిన మార్పు

డైనర్స్ క్లబ్ కార్డు 1950లో వచ్చింది. గుర్తింపు చౌర్యం దృష్ట్యా అంతకంటే ముఖ్యమైన సంవత్సరం 1958. ఆ సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరవాసులకు అడగకుండానే సుమారు 60,000 కార్డులను తపాలాలో పంపింది. తర్వాతి ఏడాది లాస్ ఏంజిలస్‌కు విస్తరించేసరికి తపాలా పెట్టెల నుంచి కార్డులను దొంగిలించడం ఒక వృత్తిగా మారింది. 4 శాతం దాటవని అంచనా వేసిన మొండి బకాయిలు 22 శాతానికి చేరాయి. అడగని కార్డు, అందని కార్డు, ఎవరో వాడిన కార్డు. బిల్లు మాత్రం పేరున్నవానికి వచ్చింది.

దీనికి అమెరికా కాంగ్రెసు 1970లో చట్టంతో జవాబిచ్చింది. అడగనివారికి కార్డు పంపడాన్ని నిషేధించింది. అనధికార వాడకం జరిగితే కార్డుదారు బాధ్యత 50 డాలర్లకు మించకూడదంది. ఆ వాడకం అధీకృతమైనదేనని రుజువు చేసే భారాన్ని కార్డు ఇచ్చిన సంస్థ మీద పెట్టింది. ఈ మూడవ నియమానికి దక్కవలసినంత గుర్తింపు దక్కలేదు. నష్టం తమదేనని తెలిసిన తర్వాతనే అక్కడి బ్యాంకులు మోసాలను పసిగట్టే వ్యవస్థల మీద పెట్టుబడి పెట్టాయి.

భారతదేశంలో 1980లో సెంట్రల్ బ్యాంకు, 1981లో ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డులను ప్రవేశపెట్టాయి. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన బ్యాంకు దేశంలో ఈ రంగానికి దారి చూపినవాటిలో ఒకటి కావడం తెలుగువారి ఆర్థిక చరిత్రలో గుర్తుంచుకోదగ్గ విషయం. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆనాటి కార్డు మీద ఉబ్బెత్తు అక్షరాలుండేవి. వర్తకుడు దానిని ముద్రణ యంత్రంలో పెట్టి, కార్బన్ చీటీ మీద పిడిని ఇటు నుంచి అటు లాగి, సంతకం తీసుకొని, కార్డు వెనుక ఉన్న సంతకంతో పోల్చేవాడు. పోయిన కార్డుల సంఖ్యలను అచ్చువేసిన చిన్న పుస్తకాలు దుకాణాలకు వచ్చేవి. నిర్ణీత మొత్తం దాటితే ఫోను చేసి అనుమతి తీసుకోవాలి. వర్తకుడు పోల్చి చూడలేదంటే తప్పు వర్తకునిది. పుస్తకంలో సంఖ్య చేరలేదంటే తప్పు బ్యాంకుది. పోయిన వెంటనే తెలియజేయడం కార్డుదారు పని. ఎవరి పని ఏదో కంటికి కనబడేది. షాజోగ్ హుండీ ఛాయలు ఈ ఏర్పాటులో ఉన్నాయి.

5. యంత్రం సాక్ష్యం చెప్పినప్పుడు

సంతకానికి బదులు పిన్ వచ్చాక ఈ స్పష్టత చెదిరింది. సంతకాన్ని కోర్టులో పెట్టి పోల్చవచ్చు. ఫోర్జరీ చేసిన సంతకం ఎంతో కొంత తేడా చూపుతుంది. దొంగ నొక్కిన నాలుగంకెలకూ యజమాని నొక్కిన నాలుగంకెలకూ తేడా ఉండదు. సరైన పిన్ నమోదైందంటే అది ఖాతాదారు నొక్కినదైనా కావాలి, అతని అజాగ్రత్త వల్ల బయటపడినదైనా కావాలి అనే తర్కం బ్యాంకుల చేతికి వచ్చింది.

బ్రిటన్‌లో ఈ తర్కం ఎక్కడికి దారి తీసిందో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త రాస్ ఆండర్సన్ 1990ల ఆరంభంలోనే చూపాడు. రుజువు భారం బ్యాంకుల మీద ఉన్న అమెరికా కంటే, ఆ భారం ఖాతాదారుల మీద ఉన్న బ్రిటన్‌లోనే ఏటీఎం భద్రత అధ్వానంగా ఉందని ఆయన వాదన. నష్టం తమది కానివారు తాళం బాగుచేయరు. అక్కడ ఒక పోలీసు కానిస్టేబులు తాను తీయని డబ్బు తన ఖాతా నుంచి పోయిందని ఫిర్యాదు చేస్తే, తమ వ్యవస్థ తప్పు చేయదని బ్యాంకు చెప్పిన మాట ఆధారంగా 1994లో అతనికే మోసయత్నం నేరం కింద శిక్ష పడింది. 1996లో అప్పీలులో అతడు నిర్దోషిగా బయటపడ్డాడు. 2010లో ఆండర్సన్, అతని సహచరులు ఇంకొక అడుగు వేశారు. దొంగిలించిన చిప్ కార్డును పిన్ తెలియకుండానే దుకాణంలో వాడవచ్చనీ, అయినా రసీదు మీద పిన్ సరిచూసినట్లే అచ్చవుతుందనీ ప్రయోగపూర్వకంగా చూపారు. సాక్షి అబద్ధం చెప్పగలదని తేలింది.

6. కంటికి కనబడని సమాచారం

దూరం నుంచి వాడే కార్డు ఇంకా బలహీనమైనది. ఇంటర్నెట్టు కొనుగోలుకు కార్డు అక్కరలేదు. దాని మీది సంఖ్య, గడువు తేదీ, వెనుక ఉన్న మూడంకెల సీవీవీ చాలు. హోటల్లో బిల్లు కోసం కార్డును లోపలికి తీసుకువెళ్లిన మనిషికి ఈ మూడూ ఒక్క నిమిషంలో దొరుకుతాయి. ఈ లోపాన్ని రిజర్వు బ్యాంకు చక్కగా గుర్తించింది. 2009 ఫిబ్రవరి 18న జారీచేసిన ఆదేశంలో, కార్డు ఎదురుగా లేని ఆన్‌లైన్ చెల్లింపులకు కార్డు మీద కనబడని సమాచారంతో అదనపు ధ్రువీకరణ ఉండాలని, 2009 ఆగస్టు 1 నుంచి అది తప్పనిసరి అని పేర్కొంది. మొదట స్థిరమైన పాస్‌వర్డులు, క్రమంగా మొబైలుకు వచ్చే ఓటీపీ ఆ స్థానాన్ని ఆక్రమించాయి. 2013 డిసెంబరు నుంచి దుకాణాల్లో డెబిట్ కార్డుకు పిన్ తప్పనిసరి అయింది. 2018 డిసెంబరు 31 నాటికి అయస్కాంత పట్టీ మాత్రమే ఉన్న కార్డుల స్థానంలో చిప్ కార్డులు రావాలన్నది మరొక గడువు.

ఇంత పెద్ద దేశం ప్రతి ఆన్‌లైన్ కార్డు చెల్లింపుకూ రెండవ ధ్రువీకరణను ఇంత తొందరగా తప్పనిసరి చేయడం నిజంగా సాహసం. అమెరికాలో ఇటువంటి చట్టబద్ధమైన నిబంధన లేదు. అక్కడ స్థిరపడిన తెలుగువారు అక్కడి కార్డుతో ఓటీపీ లేకుండా కొనుగోలు చేసి, ఇక్కడి కార్డుకు మాత్రం ఫోను చేతిలో పట్టుకొని కూర్చోవలసి రావడం ఈ తేడా వల్లనే. కానీ పోలికలో రెండవ భాగం కూడా ఉంది. అమెరికా తాళాన్ని వదులుగా ఉంచి నష్టాన్ని ముందే బ్యాంకుకు అప్పగించింది. భారతదేశం తాళాన్ని 2009లో బిగించింది. నష్టం ఎవరిదన్న ప్రశ్నకు దేశవ్యాప్త నియమం 2017 దాకా రాలేదు. 2011లోనే దామోదరన్ కమిటీ ఈ దిశగా సిఫారసు చేసినా మధ్యలోని ఎనిమిదేళ్లూ బ్యాంకు కాగితాల్లోని చిన్న అక్షరాల షరతులే చట్టంగా చెల్లాయి.

తాళం బిగిసేసరికి దొంగ తలుపు వదిలి మనిషి దగ్గరకు వచ్చాడు. కార్డు వివరాలు దొరికినా ఓటీపీ లేనిదే పని జరగదు. ఓటీపీ యజమాని ఫోనులో ఉంది. కాబట్టి యజమాని చేతనే చెప్పించాలి. బ్యాంకు అధికారినంటూ వచ్చే ఫోను, కేవైసీ గడువు ముగిసిందన్న సందేశం, రివార్డు పాయింట్లు రద్దవుతాయన్న హెచ్చరిక, తెరను దూరం నుంచి చూపే యాప్‌ను దించుకోమన్న సలహా, యజమాని నంబరు మీదే మరొక సిమ్ తీసుకోవడం, ఇవన్నీ ఆ అవసరం నుంచి పుట్టాయి. జార్ఖండ్‌లోని జామ్‌తాడా పేరు ఈ వృత్తికి పర్యాయపదమైపోయింది. ఈ మోసాల్లో యంత్రం ఎక్కడా విఫలం కాదు. సరైన కార్డు, సరైన సంఖ్య, సరైన ఓటీపీ. నమోదు పుస్తకం చూస్తే అన్నీ యజమాని చేసినట్లే ఉంటాయి. హెర్షెల్ కోరుకున్నది సరిగ్గా ఇదే.

7. 2017: మూడు రోజులు, ఏడు రోజులు, ఒక మాట

2017 జూలై 6న రిజర్వు బ్యాంకు జారీచేసిన ఆదేశం ఈ చరిత్రలో ఒక మలుపు. అనధికార ఎలక్ట్రానిక్ చెల్లింపుల్లో ఖాతాదారు బాధ్యతకు అది హద్దులు గీసింది. లోపం బ్యాంకుదైతే ఖాతాదారు బాధ్యత సున్నా. అతడు తెలియజేశాడా లేదా అన్నదానితోనూ నిమిత్తం లేదు. లోపం బ్యాంకుదీ ఖాతాదారుదీ కాక, మధ్యలో మరెక్కడో జరిగితే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల లోపు తెలియజేసినవారి బాధ్యత కూడా సున్నాయే. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేస్తే పరిమితి ఉంటుంది: ప్రాథమిక పొదుపు ఖాతాలకు రూ. 5,000, ఇతర పొదుపు ఖాతాలకూ రూ. 5 లక్షల లోపు పరిమితి గల క్రెడిట్ కార్డులకూ రూ. 10,000, అంతకు మించిన కార్డులకు రూ. 25,000. ఏడు దాటితే ఆయా బ్యాంకుల బోర్డుల విధానం వర్తిస్తుంది. ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో ఆ సొమ్మును తాత్కాలికంగా ఖాతాలో జమచేయాలి. రుజువు భారం బ్యాంకుదే.

అంకెల్లో చూస్తే దీని విలువ తెలుస్తుంది. మూడు లక్షల పరిమితి ఉన్న కార్డు మీద ఒక వర్తకుని దగ్గర బయటపడిన వివరాలతో రూ. 60,000 పోయాయనుకుందాం. రెండవ పనిదినాన చెప్పినవారికి నష్టం లేదు. అయిదవ పనిదినాన చెప్పినవారికి రూ. 10,000. గడువు మోసం జరిగిన క్షణం నుంచి కాక, సమాచారం అందిన మరుసటి రోజు నుంచి లెక్కకు వస్తుంది. కాబట్టి బ్యాంకు దగ్గర ఉన్న మొబైల్ నంబరు పాతదైతే కార్డుదారు తన హక్కుకు సంబంధించిన గడియారాన్నే చూడలేడు. విశ్రాంత అధ్యాపకుల ఖాతాలు తరచుగా పిల్లల నంబర్లతో ముడిపడి ఉండటాన్ని ఈ కోణం నుంచి ఆలోచించాలి.

అయితే ఇదే ఆదేశంలో మరొక వాక్యముంది. చెల్లింపు రహస్యాలను ఇతరులతో పంచుకోవడం వంటి ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే, బ్యాంకుకు తెలియజేసే వరకు మొత్తం నష్టం అతనిదే. తెలియజేసిన తర్వాత జరిగిన నష్టం బ్యాంకుది. పైన చెప్పిన రూ. 60,000 ఉదాహరణలో కార్డుదారు ఫోనులో ఓటీపీ చెప్పాడని తేలితే సున్నా కాస్తా అరవై వేలవుతుంది. మోసపోయి చెప్పడానికీ, అలక్ష్యంతో చెప్పడానికీ ఆ వాక్యం తేడా చూపలేదు. 1918లో చెక్కు రాసే ఒక్క క్షణానికి పరిమితమైన నిర్లక్ష్య భావన, తొంభైతొమ్మిదేళ్ల తర్వాత రోజంతా మోగే ఫోనుకు విస్తరించింది. రుజువు భారం బ్యాంకు మీద ఉన్నా, ఓటీపీ నమోదును చూపితే ఆ భారం తీరిపోయినట్లేనని బ్యాంకులు వాదించడానికి వీలు చిక్కింది.

తర్వాతి నిబంధనల్లో కొన్ని మనిషి మీద భారం వేయకుండా వ్యవస్థనే మార్చినవి. వాటినే మెచ్చుకోవాలి. 2020 జనవరి ఆదేశం ప్రకారం కొత్త కార్డు దేశంలోని ఏటీఎంలకూ దుకాణాలకూ మాత్రమే పనిచేస్తుంది. ఆన్‌లైన్, విదేశీ వాడకాలను యజమాని కోరి తెరవాలి, అక్కరలేనప్పుడు మూసుకోవచ్చు, పరిమితి తగ్గించుకోవచ్చు. 1958లో అడగకుండా వచ్చిన కార్డుకు ఇది సరైన విరుగుడు. 2022 అక్టోబరు 1 నుంచి వర్తకులు కార్డు సంఖ్యలను తమ దగ్గర దాచుకోవడానికి వీల్లేదు. ఆ వర్తకునికి మాత్రమే పనికివచ్చే టోకెన్‌ను ఉంచుకోవాలి. దుకాణం నుంచి టోకెన్ పోయినా మరొక చోట చెల్లదు. 1930 నంబరుకు ఫోను చేస్తే, సొమ్ము ఒక ఖాతా నుంచి మరొక ఖాతాకు దాటిపోయేలోగా నిలిపివేసే ప్రయత్నం మొదలవుతుంది. పోయిన హుండీకి పేఠ్ ఉన్నట్లు, పోయిన తర్వాతి క్షణాలకు కూడా ఒక ఏర్పాటు ఉండాలన్న వివేకం ఇందులో కనబడుతుంది.

8. పెద్దపల్లికి తిరిగివచ్చిన వేలిముద్ర

ఓటీపీ చెప్పనివారు కూడా మోసపోగలరని తెలంగాణ నుంచే ఒక ఉదాహరణ ఉంది. 2018 జూన్‌లో పెద్దపల్లి జిల్లాకు చెందిన ఒక సిమ్ కార్డుల విక్రేతను పోలీసులు అరెస్టు చేశారు. అమ్మకాల లక్ష్యాన్ని చేరుకోవడానికి అతడు ఎంచుకున్న దారి విచిత్రమైనది. రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో ఉన్న భూమి దస్తావేజులను దించుకొని, వాటి మీది వేలిముద్రలను రబ్బరు స్టాంపులు చేసే పద్ధతిలో అచ్చు తీశాడు. దస్తావేజుల్లోని ఆధార్ వివరాలతో ఆ ముద్రలను జతచేసి వేల సంఖ్యలో సిమ్‌లను ప్రారంభించాడు.

భూమి అమ్ముకున్నవారికీ కొన్నవారికీ ఏమీ తెలియదు. వారు ఎవరికీ ఏదీ చెప్పలేదు. చట్టం అడిగినచోట వేలు పెట్టారు, అంతే. 1877లో హుగ్లీలో దస్తావేజుకు రక్షణగా పెట్టిన ముద్ర 141 ఏళ్ల తర్వాత అదే దస్తావేజు మీద నుంచి దొంగిలించబడింది. ఆ తర్వాత వివిధ రాష్ట్రాల్లో ఇలా తీసిన ముద్రలతో ఆధార్ ఆధారిత చెల్లింపుల ఖాతాల నుంచి సొమ్ము కాజేసిన కేసులు నమోదయ్యాయి. ఓటీపీ నడిచే దారి సిమ్. సిమ్‌ను ఇచ్చేది వేలిముద్ర. ఆ ముద్ర బహిరంగ దస్త్రంలో ఉంది. కార్డుకు వేసిన కొత్త తాళపుచెవి పాత తాళం వెనుకే ఉన్నదని ఈ కేసు చూపింది. సీవీవీ బయటపడితే కార్డు మార్చుకోవచ్చు. పిన్ మార్చుకోవచ్చు. వేలు మార్చుకోలేరు, ఆధార్ బయోమెట్రిక్‌ను తాళం వేసి ఉంచుకునే సదుపాయం మాత్రమే మిగిలింది, అదీ తెలిసినవారికే.

9. 2025 నాటి తీర్పు

నిర్లక్ష్యం అన్న మాటకు అర్థం చెప్పే పని చివరికి న్యాయస్థానాల ముందుకు వచ్చింది. అస్సాంకు చెందిన ఒక ఖాతాదారు ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును వాపసు చేయబోగా, వర్తక సంస్థ ప్రతినిధినంటూ ఒకడు ఫోను చేసి ఒక యాప్‌ను దించుకోమన్నాడు. 2021 అక్టోబరులో ఆ ఖాతా నుంచి దాదాపు రూ. 94,000 పోయాయి. ఖాతాదారు 24 గంటల లోపు తెలియజేశాడు. ఓటీపీ వంటి రహస్యాలను అతడే పంచుకున్నాడనీ, కాబట్టి చెల్లింపులు అధీకృతమైనవేననీ బ్యాంకు వాదించింది. వర్తక సంస్థ వైపు నుంచి సమాచారం బయటపడిందన్నది ఖాతాదారు వాదన. గౌహతి హైకోర్టు 2017 ఆదేశాన్ని ఖాతాదారు పక్షాన వర్తింపజేసి, నష్టాన్ని బ్యాంకే భరించాలంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. నేటి సాంకేతికతతో ఇటువంటి చెల్లింపులను కనిపెట్టి ఆపే బాధ్యత నుంచి బ్యాంకు తప్పించుకోలేదని చెబుతూనే, ఖాతాదారులు కూడా అప్రమత్తంగా ఉండి ఓటీపీలను పంచుకోరాదని అదే ఉత్తర్వులో సూచించింది.

1987 నాటి తీర్పు ప్రస్తావించిన ఆదేశం అనే భావన ఇక్కడ కొత్త రూపంలో తిరిగి నిలబడింది. సరైన ఓటీపీ నమోదు కావడం వేరు, ఖాతాదారు ఆదేశించడం వేరు. అయితే ఈ ఫలితం కోసం ఆ ఖాతాదారు హైకోర్టు దాకా, ఆపై సుప్రీంకోర్టు దాకా మూడేళ్లకు పైగా వేచి ఉండవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీచేసిన ధ్రువీకరణ ఆదేశాలకు 2026 ఏప్రిల్ 1 అమలు తేదీ. ఓటీపీకి ప్రత్యామ్నాయాలను అవి ప్రోత్సహిస్తున్నాయి. ఆ నిబంధనలను పాటించకపోవడం వల్ల నష్టం జరిగితే కార్డు జారీచేసిన సంస్థే పూర్తిగా భర్తీ చేయాలంటున్నాయి. నిబంధనలన్నీ పాటించిన బ్యాంకులో, ఫోనులో మోసపోయిన ఖాతాదారు విషయం మాత్రం 2025లో కూడా 2017 నాటి ఆ ఒక్క వాక్యం దగ్గరే ఉండిపోయింది.